పాట అడుగున గొంతు

నా ముందుగదిలో ఇప్పటికీ మూడు వీసీఆర్‌లు ఉన్నాయి. పాతసామాన్ల బండి మా వీధిలోకి వచ్చినప్పుడల్లా మా ఇంటావిడ వాటి వంక ఒకసారి, నా వంక ఒకసారి చూస్తుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను. బండి వెళ్ళిపోతుంది. ఈ మధ్య మా బజారులో కొత్తగా స్టూడియో పెట్టిన కుర్రాళ్ళు కూడా "ఎందుకండీ ఆ డబ్బాలు, మ్యూజియంలో పెట్టుకోడానికా" అని నవ్వారు. నవ్వండి నాయనా. మీ డ్రోన్లు నేనూ చూశాను. పెళ్ళికూతురి నెత్తిమీద తిరిగే ఆ యంత్రం గోలలో పందిట్లో ఎవరేం మాట్లాడుకున్నారో మీకూ వినపడదు. ఆ తప్పు మీకంటే ముందు నేను చేశాను. ఎంత బాగా చేశానో చెప్తాను, వినండి.

పర్చూరులో స్టూడియో పెట్టి చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు ముప్పై ఏళ్ళు తీశాను. భుజం జారి కెమెరా మొయ్యలేకపోయాక స్టూడియో మూసేశాను. ఖాళీగా కూర్చోవడం చేతకాక పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. పనేమీ పెద్దది కాదు. వీసీఆర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య చిన్న డబ్బా ఒకటి తగిలించి, క్యాసెట్ మూడు గంటలైతే మూడు గంటలూ దాని ముందు కూర్చోవాలి. తొందరపెడితే జరగదు. ఈ పనిలో నాకు నచ్చింది కూడా అదే.

మా రోజుల్లో పెళ్ళి క్యాసెట్‌కి పాటలు వెయ్యడం అని ఒకటి ఉండేది. స్నాతకానికి ఒక హుషారు పాట, తలంబ్రాలకు ఒక సరసమైన పాట, అప్పగింతలకు ఒక ఏడుపు పాట. టీవీ సౌండు సున్నా చేసి, టేప్‌రికార్డర్‌లో పాట పెట్టి, దాన్ని క్యాసెట్ మీదికి ఎక్కించేవాణ్ణి. పందిట్లో మనుషులు మాట్లాడిన మాటల్ని మేం 'గోల' అనేవాళ్ళం. "గోలంతా తీసేసి మంచి పాటలు వెయ్యి" అని కస్టమర్లే చెప్పి వెళ్ళేవాళ్ళు. వందల పెళ్ళిళ్ళు తీసిన నేను ఒక్క పెళ్ళిలోనూ ఎవరేం మాట్లాడారో వినలేదు. కంట్లో కెమెరా, మనసులో బ్యాటరీ లైటు. ఇంటికొచ్చాక సౌండు సున్నా.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మా ఊళ్ళోనే మెట్టింది, వాళ్ళది పొగాకు, మిర్చి వేసే కుటుంబం. చేతిసంచిలోంచి ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది. అట్టపెట్టె తెరిచానో లేదో నాకు వరసగా నాలుగు తుమ్ములొచ్చాయి.

"మిరపకాయల ఘాటండీ. మా అమ్మ బస్తాలేసే గదిలో రేకుపెట్టెలో దాచుకుంది. పోయిన నెల అమ్మ చనిపోయాక దొరికింది" అన్నది ఆవిడ. "మా పెళ్ళి తీసింది మీరేనంట గదా అన్నయ్యగారూ. అట్ట మీద మీ స్టూడియో ముద్ర ఉంది."

నిజమే. ముద్ర నాదే. ఆ పెళ్ళి కూడా నాకు గుర్తే, ఎందుకంటే భుజం మీద పెట్టుకునే కొత్త కెమెరా మద్రాసు నుంచి తెప్పించుకున్నాక తీసిన మొదటి పెళ్ళి అది.

"మా అమ్మ ఫొటోలున్నాయి. గొంతే లేదు. రోజూ ఫోన్లో మాట్లాడేదాన్ని, ఒక్కరోజూ రికార్డు చేసుకోవాలని తట్టలా. ఇందులో అప్పగింతల కాడ మా అమ్మ మాట్లాడింది. అది కావాలి నాకు."

నేను సరేనన్నాను. క్యాసెట్ మరలు విప్పి, కళ్ళు మండుతుంటే కుంచెతో ఆ ఎర్రటి ధూళి దులిపి, బూజు తుడిచి, మూడు గంటలు కూర్చుని ఎక్కించాను. అప్పగింతల దగ్గరికొచ్చేసరికి నాకే నవ్వొచ్చింది. తెల్లచీర కట్టుకున్న ఒక సన్నటి మనిషి పందిట్లోకి దూసుకొచ్చి నోరు తెరిచి ఏదో అరుస్తుంటే, వేలు ఒకటి పైకెత్తి ఆడిస్తుంటే, వెనకాల నేను వేసిన ఏడుపు పాట వస్తోంది. సినిమాలో పాట ఆవిడే పాడుతున్నట్టుంది. నా పనితనానికి నేనే మెచ్చుకుని పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గుమ్మంలో ఉంది.

"మా అమ్మ గొంతేదండీ? కంప్యూటర్‌లో ఎక్కిస్తే పాట కిందున్న మాట వస్తదనుకున్నా."

"పాటలేశాం కదమ్మా. పాట వేస్తే కింద మాటలు పోతాయి. అప్పట్లో అంతే."

"ఎవరినడిగి తీశారు?"

ఆవిడ గట్టిగా కూడా అనలేదు. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. పాట బాగుందన్నారు, బొమ్మ బాగుందన్నారు, గొంతు ఎందుకు తీశావని మాత్రం అడగలేదు. కూర్చోమ్మా అన్నాను. మా ఇంటావిడ మజ్జిగ తెచ్చింది. అప్పుడు చెప్పింది ఆవిడ.

తండ్రి ఆమె నాలుగో ఏట పోయాడు. తల్లి మిరపకాయల కొట్లలో తొడిమలు తీసే కూలికి వెళ్ళి ఈ ఒక్క పిల్లనూ పెంచింది. పెళ్ళి మాత్రం బాబాయి పెద్దరికం మీద జరిగింది. అప్పగింతలప్పుడు పిల్ల చేతులు పాలల్లో ముంచి అత్తవారి చేతుల్లో పెట్టాలి కదా, ఆ పని బాబాయి, పిన్ని చేస్తున్నారు. భర్త లేని మనిషి పాలపళ్ళెం దగ్గరికి రాకూడదని తల్లిని వంటల దగ్గర నిలబెట్టారు. ఆమె నిలబడలేదు. పందిట్లోకి వచ్చి ఏదో అరిచింది. బాబాయి మేళంవాళ్ళ వైపు వేలు ఊపాడు. గట్టిమేళం మోగింది.

గట్టిమేళం ఎందుకు మోగిస్తారో తెలుసు కదా. ముహూర్తం వేళ ఎవరన్నా తుమ్మినా, అశుభం పలికినా వినపడకుండా ఉండటానికి. ఆ రోజు కన్నతల్లి మాట వినపడకుండా మోగించారు.

"నేను తలొంచుకుని ఏడుస్తున్నా. మా అమ్మ ఏమన్నదో నాకు వినపళ్ళా" అన్నది ఆవిడ. "తర్వాత బాబాయి మా అత్తగారి వాళ్ళకి చెప్పాడు, మతి సరిగా లేని మనిషి, శాపనార్థాలు పెట్టింది, పట్టించుకోకండి అని. అంతే. మా అమ్మ మా గడప తొక్కలేదు. గేటు దాకా వచ్చి పచ్చడి జాడీ ఇచ్చి వెళ్ళిపోయేది. ఆ పచ్చడి కూడా చప్పగా ఉందని మా ఇంట్లో నవ్వేవాళ్ళు. నా పిల్లలు చిన్నప్పుడు ఈ క్యాసెట్ ఒకసారి మా అమ్మోళ్ళ పక్కింట్లో చూశారు. అప్పట్నించీ, పెద్దవాళ్ళయినా, వేలెత్తి ఆ పాట పాడుతూ అమ్మమ్మలాగా గెంతుతారు. నేనూ నవ్వానండీ. మా అమ్మని తల్చుకుని నేను కూడా నవ్వాను."

తిట్టిందో లేదో ఆమెకు తెలియదు. తల్లిని అడిగితే, "నువ్వు నమ్మితే తిట్టినట్టే" అని మొహం తిప్పుకున్నదట. ఇంకెప్పుడూ అడగలేదు. ఆమె అడగకపోవడం, నేను తీసెయ్యడం, రెండూ కలిసి ఆ తల్లికి జీవితాంతం నోరు లేకుండా చేశాయి. అలా నేను అనలేదు, ఆవిడా అనలేదు. ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం క్యాసెట్ జేబులో పెట్టుకుని మా మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. మసీదు సందు మొదట్లో వాడి కొట్టు. రేడియోల కాలం నుంచి సెల్‌ఫోన్ల కాలం దాకా పర్చూరులో మూగబోయిన ప్రతిదాన్నీ మాట్లాడించినవాడు. నలభై ఏళ్ళ స్నేహం మాది. తిట్టుకోకుండా ఒక్క మాట మాట్లాడుకున్న గుర్తు లేదు. విషయమంతా విని వాడు అడిగింది ఒకటే.

"ఏ కెమెరారా అది?"

"ఆ పెద్దది. మద్రాసుది."

"కాపీ చేశావా, కెమెరాలో క్యాసెట్ మీదే పాటలేశావా?"

"దాని మీదే. రెండో క్యాసెట్ ఎందుకులే అన్నాడు ఆ బాబాయి."

వాడు స్క్రూడ్రైవర్ కింద పెట్టి నా వంక చూశాడు. "ఒరేయ్, నువ్వు ముప్పై ఏళ్ళు కెమెరా మోశావు గానీ దాన్ని ఎప్పుడన్నా చూశావా? ఆ కెమెరా సౌండుని రెండు చోట్ల రాస్తది. ఒకటి టేపు అంచు మీద. ఇంకోటి బొమ్మ అడుగున. నువ్వు పాటేసింది అంచు మీదే. బొమ్మ అడుగుది నువ్వు చెరపాలనుకున్నా చెరగదు. నీ దగ్గరున్న మూడు డబ్బాలూ అంచు చదివే రకం. అడుగు చదివేది ఉంటే వినపడుద్ది."

ఆ కెమెరా బరువుగా ఉందని, అందంగా ఉందని ఊరంతా చూపించుకు తిరిగాను. దానికి ఇంత చేవ ఉందని తెలియదు. మనిషి చెప్పినా వినకుండా అది తన పని తాను చేసింది. నేను వేసిన పాటల కింద మాటలన్నీ దాచిపెట్టుకుంది.

అలాంటి వీసీఆర్ ఒకటి వాడి అటక మీదే ఉంది. కువైట్ నుంచి వచ్చిన ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ రాలేదు. దాని రబ్బరు బెల్టులు బెల్లంపాకంలా కారిపోయాయి. ఒంగోలులో వెతికాం, చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ పక్కన ఒక ముసలి ఎలక్ట్రీషియన్ దగ్గర వెతికాం, చివరికి వాడే ఏదో టేప్‌రికార్డర్ బెల్టు కత్తిరించి అతికించాడు. పదకొండు రోజులు పట్టింది. "పాత ఇనుముకి ఇంత తిరుగుడేంట్రా" అని టీ కొట్టువాడు అంటే, మా మెకానిక్ వాడి రేడియో ఆ వారం బాగుచెయ్యలేదు.

ముందు ఒక పనికిరాని క్యాసెట్ వేసి చూశాం. టేపుని నమల్లేదు. అప్పుడు ఆవిణ్ణి పిలిచి, అసలు క్యాసెట్ వేశాం. మొదట కరకరమని చప్పుడు. మెకానిక్ ఒక మర తిప్పాడు. కరకర తగ్గి గిన్నెల మోత, చంటిపిల్లాడి ఏడుపు, ఎవరిదో దగ్గు వినపడ్డాయి. పాట లేదు. నా పాట లేదు!

ఆవిడ చప్పున చెయ్యి అడ్డం పెట్టింది. "ఆపండి. ఇప్పుడు వద్దు."

"ఏమ్మా?"

"మా అమ్మ సంవత్సరీకం మా ఇంట్లో పెడుతున్నా. బతికుండగా రానివ్వని ఇంట్లోనే పెట్టాలని మా ఆయనతో పోట్లాడి ఒప్పించా. ఆ రోజు బాబాయి వస్తాడు, మా అత్తగారు ఉంటుంది, అందరూ ఉంటారు. అప్పుడు వింటా. నాకు ముందు, వాళ్ళకి తర్వాత వద్దు. అందరం ఒకేసారి వినాలి."

మెకానిక్ మెల్లగా అన్నాడు. "చెల్లెమ్మా, నిజంగా తిట్టి ఉంటే?"

"తిట్టి ఉంటే తిట్టు వింటా అన్నయ్యా. మా అమ్మ తిట్టేగా. ఎవరిదో పాట కంటే అదే నయం."

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు నా చెవిన పడకుండా టీవీ సౌండు మళ్ళీ సున్నా చేశాను. అదే చెయ్యి, అదే పని. కాకపోతే ఈసారి ఆవిడ చెప్పింది కాబట్టి చేశాను.

చిన్న ఊళ్ళో రహస్యం నిలవదు. సంవత్సరీకం నాలుగు రోజులుందనగా మధ్యాహ్నం ఆ బాబాయి ఆటో దిగి మా ఇంటికి వచ్చాడు. ఎనభై దాటాయి. ఇస్త్రీ పంచె, చేతికర్ర, ఇప్పటికీ నిటారైన మనిషి. నేను లేచి కుర్చీ వేశాను. అంత మర్యాద ఆయనకు రావలసిందే. ఆ పెళ్ళి తర్వాత వాళ్ళ ఊళ్ళో పదేళ్ళపాటు ప్రతి పెళ్ళీ నాకే ఇప్పించింది ఆయనే.

"ఆ క్యాసెట్ తెగిపోయిందని చెప్పు."

"తెగలేదండీ."

"తెలుసయ్యా. తెగిందని చెప్పమంటున్నా."

"అందులో ఏముందో మీకు తెలుసా?"

"ఏముంటది? నోటికొచ్చినట్టు తిట్టింది. ఇప్పుడు అది పదిమందిలో వినిపిస్తే ఆ పిల్ల పరువేం గాను? ముప్పై ఏళ్ళు కాపురం చేసుకున్న ఇల్లు. అప్పుడు గొంతులు లేకుండా పాటెయ్యమన్నా, వేశావు. మంచిగా సర్దుకుపోయింది. ఇప్పుడెందుకు తవ్వుతావు?"

ఆయన మాటలో ప్రేమ లేదని నేను చెప్పను. ఉంది. పిల్ల కాపురం చెడుతుందని నిజంగానే భయపడ్డాడు. కానీ ఆ భయం కింద ఇంకో భయం కూడా ఉంది. దానికి ఆయన కూడా ఏదో పాట వేసుకుని కూర్చున్నాడు.

"అప్పుడు మీరు చెప్పారని వేశాను. మీరు చెప్పకపోయినా వేసేవాణ్ణి, నాకు బుద్ధి లేక. ఇప్పుడు వెయ్యనండీ" అన్నాను.

"నేను అడుగుతుంటే కూడానా?"

"మీరడిగినా అంతే."

"ఊళ్ళో ఎట్టా తలెత్తుకు తిరుగుతావో చూస్తా."

"కెమెరా దించి ఎనిమిదేళ్ళయిందండీ. ఇంకే పందిట్లోంచి పంపేస్తారు నన్ను?"

కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. లోపలికి వెళితే మా ఇంటావిడ "బాగా చెప్పారు" అన్నది. పెళ్ళయ్యాక ఆమె నన్ను మెచ్చుకోవడం అది రెండోసారో మూడోసారో.

సంవత్సరీకం రోజు ఆవిడ ఇంటి హాల్లో నలభైమంది దాకా ఉన్నారు. తల్లి ఫొటోకి దండ, ముందు దీపం. బాబాయి ముందు వరసలో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. పక్కన పడక్కుర్చీలో అత్తగారు, ఆమెకూ ఎనభై ఉంటాయి, చూపు తగ్గింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. మా మెకానిక్ టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి, రిమోట్ చేత్తో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ, భోజనాలకి ఆలస్యమవుద్ది" అన్నాడు బాబాయి.

"పెట్టండి అన్నయ్యా" అన్నది ఆవిడ.

టీవీలో పందిరి కనపడింది. తెల్లచీర మనిషి దూసుకురాగానే ఆవిడ పిల్లలు అలవాటుగా వేళ్ళెత్తారు, పాట కోసం. పాట రాలేదు. గిన్నెల మోత వచ్చింది. ఆ వెంటనే ఒక కుర్రగొంతు, విసుగ్గా, కెమెరా పక్కనుంచి వినిపించింది.

"ఏమ్మా, అడ్డమొస్తున్నావు, పక్కకి జరుగు."

హాల్లో ఎవరూ గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను. అది నా గొంతు.

"జరగనయ్యా. ఎక్కడికి జరగాలి?" అన్నది ఆ తల్లి. బొంగురు గొంతు, ప్రతి మాటకీ చివర చిన్న దగ్గు. ఇక్కడ మా పక్కన ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పెంచింది నేనేగా. పాలల్లో చెయ్యి నేనూ పెడతా. ఈ చేతులకేమైంది?"

తెర మీద బాబాయి వేలు ఊపాడు. మేళం ఒక్కసారిగా విరుచుకుపడింది. ముందు కుర్చీలోంచి ఈ బాబాయి "ఆపవయ్యా, చాలు" అన్నాడు. మా మెకానిక్ రిమోట్‌ని అటూ ఇటూ తిప్పి, అరచేతిలో కొట్టి, "పని చెయ్యట్లేదండీ" అన్నాడు. నలభై ఏళ్ళు ఊళ్ళో రిమోట్లన్నీ బాగుచేసిన మనిషి!

మేళం మోగుతూనే ఉంది. కానీ నా కెమెరా ఆ తల్లికి రెండు బారల దూరంలో ఉంది. డోలు దెబ్బల మధ్యలోంచి, నాదస్వరం ఊపిరి తీసుకున్నప్పుడల్లా, మాట పైకి తేలింది. ఆమె చూస్తున్నది బాబాయిని కాదు. పెళ్ళికొడుకు తల్లిని.

"వదినా... ఒక్కమాట వదినా... మా పిల్ల కారం తినలేదు." దగ్గు. డోలు. "...నాతో కొట్లోకి తీసుకుపోయేదాన్ని చిన్నప్పుడు, ఆ ఘాటుకి గొంతు పుండైంది... ఇంట్లో కారం కుండ వదిలేశా దానికోసం..." మళ్ళీ డోలు. "...అది అడగదు వదినా. నోరు తెరిచి అడిగే పిల్ల కాదు. మీరే చూసుకోవాల..." అప్పుడు ఎత్తింది ఆ వేలు. ముప్పై ఏళ్ళుగా అందరూ చూసి నవ్విన వేలు. "ఒక్క గరిట తగ్గించండి చాలు. ఒక్కటి."

ఎవరో ఆమె భుజం పట్టుకుని వెనక్కి లాగారు. కెమెరా పెళ్ళికూతురి వైపు తిరిగింది. తిప్పింది నేనే.

ఎత్తిన వేళ్ళు ఎప్పుడు దించారో ఆ పిల్లలు తల్లి వంక చూస్తున్నారు. అత్తగారు ముందుకు వంగి, "మళ్ళీ పెట్టు నాయనా" అన్నది. రిమోట్ వెంటనే పని చేసింది. రెండోసారి విన్నాక ఆమె బాబాయి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, శాపనార్థాలు పెట్టిందని మీరేగా చెప్పింది?"

ఆయన కర్ర పిడి వంక చూశాడు. "మేళంలో నాకూ వినపళ్ళా" అన్నాడు.

"వినపడకపోతే ఎట్టా చెప్పారు?"

"వేలు చూపించిందిగా. తిట్టే ఉంటదనుకున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను. అప్పుడే నా కుర్రగొంతు గుర్తొచ్చింది, "పక్కకి జరుగు" అన్న గొంతు. ఆయనకి వినపడలేదు. నాకు వినాలనిపించలేదు. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదంటే ఇప్పటికీ చెప్పలేను. అందుకే మూసుకుని కూర్చున్నాను. ఆ పెళ్ళినాటి తప్పు సంగతి వేరు, సంవత్సరీకం నాడు నేను చేసినదానికి మాత్రం ఎవరికీ సంజాయిషీ చెప్పను.

కుర్రాళ్ళూ, మీకు చెప్పేది ఇంతే. మీ కంప్యూటర్లలో ఇప్పుడు ఒక్క నొక్కుతో ఎవరి గొంతైనా తీసెయ్యొచ్చు. అడుగున ఏమీ మిగలదు. నా చేతగానితనం వల్ల ఆ తల్లి మాట బతికింది, మీ చేతనైనతనం వల్ల ఎవరి మాట పోతుందో చూసుకోండి. నా మూడు వీసీఆర్‌ల పక్కన ఇప్పుడు నాలుగోది కూడా ఉంది, ఆ కువైట్‌ది. అవి అమ్మను. క్యాసెట్‌లోంచి ఫలానా మనిషిని తీసెయ్యమని, ఫలానా మాట చెరిపెయ్యమని ఇప్పటికీ వస్తుంటారు. గుమ్మంలోనే చెప్పి పంపిస్తాను.

ఆ రోజు భోజనాల సంగతి ఒకటి మిగిలింది.

విస్తళ్ళు వేశారు. ఆవిడ వద్దువద్దంటున్నా అత్తగారు ఆమెను చెయ్యిపట్టుకుని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. పప్పు వచ్చింది, నెయ్యి వచ్చింది. గోంగూర పచ్చడి వచ్చింది, ఎర్రగా, మా వైపు కారంతో. వడ్డించేవాడు గరిట ఎత్తేసరికి అత్తగారు కోడలి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆమెకు వద్దు."

ఆవిడ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "వెయ్యనివ్వండి అత్తయ్యా. కాపురానికొచ్చిన మొదటి ఏడాదంతా దొడ్లోకెళ్ళి నీళ్ళు తాగొచ్చేదాన్ని. ఇప్పుడది లేకపోతే నాకు ముద్ద దిగట్లా."

"ఎప్పుడూ చెప్పలేదేమే మరి?"

ఆవిడ విస్తరి అంచు సర్దుకుంది. వడ్డించేవాడు గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక వరసలోవాళ్ళు పచ్చడి కోసం ఎదురుచూస్తున్నారు. అత్తగారు చెయ్యి తియ్యలేదు.

"రేపట్నించి నీ ఇష్టం" అన్నది. "ఇవ్వాళ మీ అమ్మ చెప్పింది."